సంక్రాంతి మూడు రోజులూ పింక్ ఫ్లాయిడ్: ఒక లెక్కల టీచరు మార్కులు

భోగి ముందురోజు సాయంత్రం మా మరిది హైదరాబాద్ నుంచి దిగాడు. ఏటా స్వీటు ప్యాకెట్లతో వచ్చేవాడు. ఈసారి ఒక చేతిలో రికార్డు ప్లేయరు పెట్టె, ఇంకో చేతిలో పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండువి ఐదు ఆల్బమ్‌లున్న సంచి. "క్యాసెట్లన్నీ బూజు పట్టాయన్నావుగా వదినా, ఇవిగో" అన్నాడు.

పట్టాయి మరి. నర్సాపురం గాలిలో తడి ఎంతో ఉప్పూ అంతే. ఆ క్యాసెట్లు అతను కాకినాడలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, 1990లలో, రికార్డింగ్ సెంటర్లో చేయించినవి. తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్టు కొనిస్తే ఒక వైపు 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్', రెండో వైపు 'విష్ యూ వర్ హియర్' ఎక్కించి ఇచ్చేవారు. మొదటిది 43 నిమిషాలు, రెండోది 44. వైపుకి 45 కాబట్టి అతికినట్టు సరిపోయేవి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో విన్న మొదటి ఇంగ్లిష్ పాటలు అవే. తరువాత మరిదికి ఉద్యోగం పట్టుకుంది, నాకు ఆ బ్యాండు పట్టుకుంది. ఇప్పుడు అతనికంటే నాకే ఎక్కువ తెలుసు. అతను ఒప్పుకోడు.

ముందు ప్లేయరు సంగతి చెప్పేస్తాను. పెట్టె ఒక మూల సొట్ట పోయినా లోపల అంతా బాగానే ఉంది. బల్ల మీద పెడితే మాత్రం పనికిరాలేదు. పండక్కి వచ్చిన పిల్లలు గదిలో పరిగెత్తిన ప్రతిసారీ సూది ఎగిరి రెండు గీతలు దాటి పడేది. చివరికి గోడలోకి కట్టిన పాత సిమెంటు అలమరలో పెట్టాం. అక్కడ రాయిలా నిలబడింది. మరచెంబులు వంటింట్లోకి వెళ్ళిపోయాయి, అత్తయ్యగారు రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. శబ్దం ఫోన్‌లో కంటే గొప్పగా ఉందా అంటే, కొంచెం. బాగుండేది ఏమిటంటే, పాట నచ్చకపోయినా లేచి వెళ్ళి మార్చే బద్ధకం వల్ల ఒక వైపు పూర్తిగా వింటాం. ఈ బ్యాండుకి కావాల్సింది అదే. వీళ్ళవి విడి పాటలుగా వింటే చారులో ముక్కలు ఏరుకు తిన్నట్టుంటుంది.

భోగి రోజు పొద్దున్నే మంట చల్లారాక 'డార్క్ సైడ్' పెట్టాం. 1973 మార్చిలో వచ్చింది. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వాళ్ళ మొదటి 200 ఆల్బమ్‌ల జాబితాలో 1973 నుంచి 1988 వరకు మొత్తం కలిపి 741 వారాలు ఉంది. అంటే ఒకటో తరగతిలో చేరిన పిల్ల డిగ్రీ రెండో ఏడు పూర్తి చేసేంత కాలం. అట్ట మీద పట్టకం, దానిలోంచి రంగులు. ఆ రంగులు లెక్కపెట్టండి. ఆరే ఉంటాయి. ఇండిగో లేదు. మా స్కూల్లో ఫిజిక్స్ చెప్పే మేడం చూస్తే అర మార్కు కోసేసేది.

ఆరు రంగుల అట్ట లోపల ఏడు దెబ్బల పాట ఉంది. 'మనీ' మొదట్లో చిల్లర గలగల, గల్లాపెట్టె మోత, ఆ వెంటనే బేస్ గిటార్. చిన్నప్పుడు పాలకొల్లులో ఆరేళ్ళు సంగీతం నేర్చుకున్నాను, వర్ణాల దాకా వచ్చి ఆగిపోయింది. ఆ పాట మొదటిసారి విన్నప్పుడు చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేసింది. తకిట తకధిమి. మూడూ నాలుగూ ఏడు. మిశ్రచాపు! శాక్సఫోన్ కూడా ఆ ఏడులోనే తిరుగుతుంది. గిటార్ సోలో వచ్చేసరికి మాత్రం నాలుగులోకి దిగిపోయి, అయ్యాక మళ్ళీ ఏడుకి వస్తారు. మా మరిది ముప్పై ఏళ్ళుగా ఈ పాట వింటూ ఈ సంగతి గమనించలేదు. చేత్తో వేసి చూపించాను. "ఊరుకో వదినా, రాక్ పాటని త్యాగరాజ ఆరాధనలో కూర్చోబెడతావా" అన్నాడు. తరువాత కాఫీ తాగుతూ బల్ల మీద వేళ్ళతో ఏడు లెక్కపెట్టుకోవడం నేను చూశాను.

దీనిలోనే మాటల్లేకుండా ఒక ఆడగొంతు ఎక్కిదిగే పాట ఉంది. పాడినావిడ క్లేర్ టోరీ. ఆ రోజు ఆవిడకి ఇచ్చింది 30 పౌండ్లు. 2004లో కోర్టుకి వెళ్ళింది, మరుసటేడు రాజీ అయి ఆ పాట రచనలో ఆవిడ పేరూ చేర్చారు. ఆలాపన పాడినవాళ్ళకి వాటా ఉందని ఒప్పుకోవడానికి అన్నేళ్ళు పట్టింది. ఇంతకీ, గడియారాలన్నీ ఒక్కసారి మోగే చోట మా అత్తయ్యగారు పూజ గదిలోంచి లేచి వచ్చేశారు. ఆ ఇబ్బంది తప్పిస్తే ఆల్బమ్‌కి పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందంటే, మరీ ఎక్కువసార్లు విన్నాను. తప్పు దానిది కాదు.

'విష్ యూ వర్ హియర్' (1975) గురించి తక్కువ చెబుతాను. ఎక్కువ చెబితే గొంతు పట్టేస్తుంది. బ్యాండు మొదలైనప్పుడు పాటలు రాసి పాడిన సిడ్ బారెట్, మనసు చెదిరి 1968లోనే దూరమైపోయాడు. అతని మీద కట్టిన పెద్ద పాటకి స్టూడియోలో మెరుగులు దిద్దుతుండగా, 1975 జూన్ 5న అతనే నడుచుకుంటూ వచ్చాడు. గుండు, కనుబొమ్మలు గీసేసుకుని, లావెక్కిపోయి. కాసేపటి దాకా స్నేహితులే పోల్చుకోలేకపోయారు. ఇది అత్తయ్యగారికి తెలుగులో చెప్పాను. "వాళ్ళమ్మ ఉందా?" అని అడిగారు.

ఆ పాటలో గిటార్ నాలుగు స్వరాలు వేసి ఆగుతుంది. మొదటిదాన్ని షడ్జమం అనుకుంటే స, ప, ద, మ. చివరి మధ్యమం ప్రతిమధ్యమం, అంటే మామూలు మధ్యమం కంటే కాస్త పైన పలికేది. అందుకే ఆ నాలుగోది వినగానే ఏదో మిగిలిపోయినట్టు, ఇంకా రావాల్సినవాళ్ళు రానట్టు ఉంటుంది. దీనికి మార్కులు వెయ్యను.

సంక్రాంతి నాడు గొడవ. 'ద వాల్' (1979) మా మరిదికి ప్రాణం. రెండు డిస్కులు, 26 పాటలు, 81 నిమిషాలు. హాస్టల్లో రాత్రంతా వినేవారట. నేను మొదటి నుంచీ అనేది ఒకటే, ఇది ఒక్క డిస్కు సరుకు, రెండింట్లో పోశారు. బ్యాండులో దీన్ని రాసిన రోజర్ వాటర్స్‌కి చెప్పుకోవాల్సిన బాధలు చాలా ఉన్నాయి, పాపం. నాన్న యుద్ధంలో పోయాడు, స్కూల్లో కొట్టారు, పెళ్ళి చెడింది. కానీ చెప్పినదే చెబుతుంటే పెళ్ళి పందిట్లో పెదనాన్న దగ్గర ఇరుక్కున్నట్టు ఉంటుంది.

"అది మొత్తం ఒక కథ వదినా. ముక్కలు కోస్తే ఎలా?"

"రామాయణం కూడా కథే. కట్టె, కొట్టె, తెచ్చె అని మూడు మాటల్లో చెప్పలేదూ?"

అప్పుడే గుమ్మంలో హరిదాసు వచ్చాడు. బియ్యం వెయ్యడానికి లేచాను కాబట్టి అక్కడితో ఆగింది.

ఇక ఇందులోనే ఉన్న పిల్లల కోరస్ పాట. లండన్‌లో ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూల్ పిల్లలు పాడారు, తీసుకెళ్ళింది వాళ్ళ మ్యూజిక్ టీచరే. టీచర్లూ, మమ్మల్ని వదిలేయండని పిల్లల చేత పాడించడానికి టీచరే తీసుకెళ్ళడం చూడండి, మా వృత్తి అంటే ఇదీ. 'చదువు వద్దు' అని ఆ పాట పాడి నన్ను ఏడిపించడం మరిదికి పాతికేళ్ళ అలవాటు. నా జవాబూ అంతే పాతది. ఆ ఇంగ్లిష్ వాక్యంలో 'కాదు' అనే మాట రెండుసార్లు వస్తుంది. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. పాపం ఆ పిల్లలు చదువు కావాలనే అడుగుతున్నారు.

మా ఆయన ఈ వాదనలో ఎటూ లేరు. ఆయనది రొయ్యల చెరువు గోల. "ఆ గిటారాయన బాగా వాయిస్తాడు, మిగతావాళ్ళు ఎందుకు అరుస్తారు?" అని మాత్రం అన్నారు. ఈ ఆల్బమ్‌కి నా మార్కులు పదికి ఆరు. మూడో వైపు ఒక్కటే అయితే తొమ్మిదిన్నర, అది తరువాత చెబుతాను.

కనుమ నాడు నేను కావాలనే 'ఆటమ్ హార్ట్ మదర్' (1970) తీశాను. అట్ట నిండా పచ్చిక బయల్లో వెనక్కి తిరిగి చూస్తున్న ఒక ఆవు. బ్యాండు పేరు లేదు, ఆల్బమ్ పేరు లేదు. ఆవుకి మాత్రం పేరుంది, లులుబెల్ ది థర్డ్. ఇంగ్లండులో వీళ్ళకి మొదటిసారి నంబర్ వన్ తెచ్చింది ఈ ఆవే. పశువుల పండగ నాడు దాన్ని అలమరలో నిలబెడితే అత్తయ్యగారు ఏమీ అనకుండా బొట్టు పెట్టేశారు. ఇప్పుడు ఆ అట్ట మీద కుంకుమ మరక ఉంది. మరిది గుండె పట్టుకున్నాడు, మూడు వేలకు పైనే పోశాడట.

లోపలి సరుకు ఆ అట్టంత లేదు. మొదటి వైపు మొత్తం 23 నిమిషాలు బ్యాండు మేళం, కోరస్, మధ్యలో గిటార్. కొన్ని చోట్ల అద్భుతం, కొన్ని చోట్ల పెళ్ళి ఊరేగింపు దారి తప్పినట్టు. తరువాతి రోజుల్లో దీన్ని బ్యాండువాళ్ళే తీసిపారేశారు. చివరి పాటలో ఒకాయన టిఫిన్ వండుకుంటుంటాడు, స్టవ్వు, వేపుడు చప్పుడూ అన్నీ వినిపిస్తాయి. ఆఖరున కుళాయి కారుతూ ఉంటుంది. "ఎవరే కుళాయి కట్టకుండా వచ్చేసింది?" అని అత్తయ్యగారు పెరట్లోకి వెళ్ళి రెండు కుళాయిలూ బిగించి వచ్చారు. పదికి ఐదున్నర, కుళాయికి ఇంకో అర.

నాకు అన్నిటికన్నా పైది 'యానిమల్స్' (1977). మరిది దీన్ని లెక్కలోకే తీసుకోడు, పాటలు పొడుగని. నేను దీన్ని విన్నది ఇంట్లో కాదు, చెరువు గట్టు మీద. మాకు రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగకూడదు. కరెంటు పోతే జనరేటరు వెయ్యాలి. కాపలా మనిషి పండక్కి ఊరెళ్ళినప్పుడల్లా మేమిద్దరం షెడ్డులో పడుకుంటాం. ఆ రాత్రుళ్ళు నిద్ర రాదు. ఏరియేటర్ల హోరు మీద 'డాగ్స్' పెడితే 17 నిమిషాలు ఎలా గడుస్తాయో తెలియదు. ఆ పాట మధ్యలో కుక్కల అరుపుల్ని మెషీన్లోంచి పంపి సాగదీశారు. మా చెరువు కుక్క మొదటిసారి విన్నప్పుడు లేచి గట్టు చివరిదాకా వెళ్ళి, ఎవరూ లేరని చూసి వచ్చి, నా వంక అనుమానంగా చూసింది.

కుక్కలంటే పైకి ఎగబాకేవాళ్ళు, పందులంటే పెత్తనం చేసేవాళ్ళు, గొర్రెలంటే వెనకాల నడిచేవాళ్ళు. మా స్టాఫ్ రూములో మూడు రకాలూ ఉన్నారు. నేను ఏ రకమో రోజుని బట్టి.

దీని అట్ట కథ ఇంకా బాగుంటుంది. లండన్‌లోని బాటర్‌సీ పవర్ స్టేషన్ పొగగొట్టాల మధ్య ఎగరడానికి పెద్ద గాలి పంది చేయించారు. 1976 డిసెంబరులో ఫోటోలు తీస్తుండగా తాడు తెగి పంది ఎగిరిపోయింది. హీత్రో విమానాశ్రయం వాళ్ళకి టెన్షన్, విమానాలు ఆపాల్సి వచ్చింది. చివరికి కెంట్‌లో ఒక రైతు పొలంలో దిగింది. మా వైపు పందెం కోడి తాడు తెంచుకుంటే ఇంతకంటే ఎక్కువమందే పరిగెడతారు, అది వేరే సంగతి. 2022లో దీన్నే కొత్తగా మిక్స్ చేసి విడుదల చేశారు. మరిది తెచ్చింది అదే. డ్రమ్ములు తేటపడ్డాయి, బేస్ కడుపులో తగులుతుంది. పదికి పది. లెక్కల టీచరు పదికి పది వెయ్యడం మా స్కూల్లో ఎవరినైనా అడగండి, ఎంత అరుదో చెబుతారు.

తరువాతి ఆల్బమ్‌లు మరిది తేలేదు, నేనూ అడగలేదు. 1994 నాటి 'డివిజన్ బెల్' మాత్రం వర్షాకాలంలో సఖినేటిపల్లికి ఏరు దాటించే పంటు మీద ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడానికి బాగుంటుంది. గోదావరి ఎర్రగా ఉండాలి, రద్దీ ఉండకూడదు.

ముక్కనుమ సాయంత్రం మరిది ప్రయాణం. 'ద వాల్' మాత్రం తనతో తీసుకెళ్తానన్నాడు, మిగతావి నాకే. నేనే సర్ది బ్యాగులో పెట్టాను. బస్సు భీమవరం దాటాక ఫోన్ వచ్చింది.

"వదినా, అట్టలో ఒక్క డిస్కే ఉంది!"

"మొదటిదేగా? నీ స్కూలు పిల్లలందరూ అందులోనే ఉన్నారు చూసుకో."

"మరి రెండోది?"

రెండో డిస్కులో మొదటి వైపు చివర 'కంఫర్టబ్లీ నమ్' ఉంటుంది. అదే నేను చెప్పిన మూడో వైపు. అప్పటికి అది అలమరలో తిరుగుతోంది, బ్యాండు గిటారిస్టు గిల్మోర్ రెండో సోలో మొదలైంది. ఫోన్ స్పీకరు దగ్గర పెట్టాను. ఆకివీడు దాకా కట్ చెయ్యలేదు అతను.