నరసాపురం పుస్తకాల దుకాణం వారి చర్చా తరగతి: ఒక సమీక్ష

నరసాపురంలో క్రైస్తవ సాహిత్యం అమ్మే ఒక దుకాణం వారు మేడమీది గదిలో, యాభై రూపాయల రుసుముతో, శనివారం సాయంత్రాలు చర్చా తరగతి నిర్వహిస్తున్నారు. ఈసారి ఎంచుకున్న ప్రశ్న, 19వ శతాబ్దిలో అమెరికాలో మొదలైన మోర్మన్ మతానికి స్థాపకుడైన జోసెఫ్ స్మిత్ అబద్ధ ప్రవక్తా, కాదా అన్నది. 19వ శతాబ్ది తొలి సగంలోనే బౌడెన్, బీర్ అనే మిషనరీలు సువార్త పని మొదలుపెట్టిన ఊరు కనుక ఇటువంటి వాదానికి గది నిండిపోవడంలో వింత లేదు.

దూషణకు చోటివ్వకుండా ఆధారాల ప్రతులను ముందుగానే పంచిపెట్టడం ఈ తరగతికి పెద్ద బలం. ప్రవక్త చెప్పినది నెరవేరకపోతే అది దేవుని మాట కాదన్న ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయపు కొలమానాన్నే చర్చకు ఆధారం చేసుకున్నారు. అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో యుద్ధం మొదలవుతుందని స్మిత్ 1832 డిసెంబరులో చెప్పగా, 1861లో అంతర్యుద్ధం అక్కడే మొదలయింది. అయితే ఆ రాష్ట్రపు తిరుగుబాటు ధోరణి 1832 నాటికే పత్రికలకెక్కిన సంగతి. అదే ఏడాది సెప్టెంబరులో, మిస్సోరిలోని ఇండిపెండెన్స్‌లో ఆ తరంలోనే ఆలయం లేస్తుందన్న మాట మాత్రం నెరవేరలేదు. శత్రువులు అడ్డుపడినందున దేవుడు ఆ ఆజ్ఞ నుంచి తమను విడిపించాడని స్మిత్ 1841 నాటి ప్రకటన సర్దిచెప్పింది.

నీనెవె నాశనమవుతుందన్న యోనా మాట కూడా తప్పింది కదా అని వెనుక వరుసలోని ఒక పెద్దాయన అడిగినప్పుడు, పట్టణం మారుమనస్సు పొందిందని చెప్పి అధ్యక్షులు ముందుకు సాగిపోయారు. అసలు చర్చ అక్కడే ఆగవలసింది. యిర్మీయా 18వ అధ్యాయం ప్రకారం తీర్పైనా వాగ్దానమైనా వినేవారి నడవడిని బట్టి మారుతుంది. స్మిత్ చూపిన కారణమో, శత్రువుల ఆటంకం. ఈ తేడా చెప్పకుండా ఆయనను తప్పుపట్టడం న్యాయం కాదు.

స్మిత్ 1835లో కొని, వాటి నుంచే అబ్రాహాము గ్రంథాన్ని అనువదించానని చెప్పుకున్న ఈజిప్టు పాపిరస్‌ల (ప్రాచీన రాతపత్రాల) గురించిన భాగం బాగా నడిచింది. 1967లో బయటపడిన ముక్కలు మృతులతో ఉంచే అంత్యక్రియల రాతలేనని ఈజిప్టు లిపి పండితులు తేల్చారు. ఆ ముక్కలలోని అక్షరాలకూ స్మిత్ ఇచ్చిన అబ్రాహాము గ్రంథానికీ పొంతన లేదని మోర్మన్ సంఘమే ఒప్పుకుంది. నా తీర్పు స్మిత్‌కు వ్యతిరేకంగా మొగ్గడానికి భవిష్యవాణి కన్నా ఈ పాపిరస్‌లే ఎక్కువ కారణం.

లోపం ఒకటి క్షమించరానిది. రాజమండ్రిలో ఆ సంఘీయులు ఉండగా వారిలో ఒక్కరినైనా పిలవకుండా, స్మిత్ పక్షాన మాట్లాడే పని ఆ వాదనను నమ్మని ఒక యువకుడికి అప్పగించారు. అతడు పావుగంటలోనే చేతులెత్తేశాడు. ఇంగ్లీషు ప్రతులకు తెలుగు అనువాదం కూడా ఇచ్చి ఉండవలసింది. బైబిలును కొంత శ్రద్ధగా చదివినవారికి ఆ యాభై రూపాయలు దండగ కావు; కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారు మాత్రం ముందు ఆ ప్రతులను తెచ్చుకుని చదివి వెళ్ళడం మేలు.