వాగు ఒడ్డున రెండు రాత్రులు, ట్రైలర్ నిండా టైర్లు

మా ఫోర్‌వీల్ డ్రైవ్ క్లబ్బు ఏటా ఒక వారాంతం తాను తిరిగే బాటల్ని శుభ్రం చేయడానికి కేటాయిస్తుంది. ఈసారి 11 బండ్లు, 30 మందికి పైగా మనుషులు, రెండు రాత్రుల మకాం. వాగు వెంబడి అడవిలోకి పోయే మట్టిబాట మా వంతుకు వచ్చింది. సీసాలు, కవర్లు నడిచి వెళ్లేవాళ్లు కూడా ఏరుకురాగలరు. లోయలోకి దొర్లించిన లారీ టైరును, తుప్పు పట్టిన ఫ్రిజ్‌ను పైకి తేవాలంటే మాత్రం విన్చ్ (తాడు చుట్టుకుంటూ బరువును లాగే యంత్రం), ట్రైలర్, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేరు ఉన్న బండి కావాలి. అంత బరువును అంత లోపలికి ఎవరూ భుజాన మోసుకెళ్లి పడేయరు, ఏదో బండిలోనే వెళ్లి ఉంటుంది. తిరిగి తెచ్చే పని కూడా బండ్లున్న మాదేనని నా గట్టి నమ్మకం.

మొదటి రాత్రి మకాం ఇసుకమేట మీద. చూడగానే మనసు లాగే చోటు: చదునైన నేల, పక్కనే నీళ్లు, ఎదురుగా కొండ. అయినా అక్కడ దిగమని నేను ఎవరికీ చెప్పను. చీకటి పడకముందు ఒడ్డున ఉన్న పొదల్ని చూశాను. నడుము ఎత్తున కొమ్మలకు ఎండుగడ్డి, ప్లాస్టిక్ పీలికలు చుట్టుకుని ఉన్నాయి, అన్నీ ఒకే వైపు వాలి. ఎప్పుడో వాగు అంత ఎత్తున పారిందని అవే చెబుతున్నాయి. మన నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన వాన కురిస్తే చాలు, వాగు ఒక్కసారిగా పొంగుతుంది. ఆ రాత్రి ఆకాశం నిర్మలంగానే ఉంది, ఏమీ కాలేదు. కానీ నాకు సరిగా నిద్ర పట్టలేదు. నీళ్లకు కనీసం 60 మీటర్ల దూరంలో దిగాలన్నది మకాం వేసేవాళ్లందరికీ తెలిసిన నియమమే. మన సబ్బునీళ్లు వాగులో కలవకుండా ఉండటానికీ, జంతువులు బెదరకుండా నీళ్లకు రావడానికీ అది అవసరం.

తెల్లవారగానే నేనే అడిగాను. అందరూ ఒప్పుకున్నారు, గట్టు మీది ఖాళీ జాగాకు మారాం. అక్కడ కష్టాలు లేకపోలేదు. 20 లీటర్ల క్యాన్లు కింది నుంచి మోయాలి, గట్టినేలలో గుడారం మేకులు దిగవు, రాత్రి గాలి ఎక్కువ. అయినా రెంటిలో నా ఓటు దానికే. అది ఇదివరకే బండ్లు నిలిచి గట్టిపడిన నేల, మేము కొత్తగా పచ్చిక తొక్కనక్కర్లేదు. పైన ఎండిన కొమ్మలు వేలాడే చెట్లు లేవు. పొద్దుటి ఎండ నేరుగా తగిలి గుడారాలు త్వరగా ఆరాయి.

గుడారాల గురించి ఒక మాట. బండి పైకప్పు మీద విప్పుకునే గుడారం నాకూ ఇష్టమే, కానీ ఇలాంటి పనికి పనికిరాదు. పగలంతా బండి కావాలి. కదలాలన్న ప్రతిసారీ పడకను మడవాల్సిందే. ఇద్దరు మిత్రులు అలా మడిచి, విప్పి అలసిపోయి రెండో రాత్రి నేల మీదే పడుకున్నారు. క్లబ్బు అద్దెకు తెచ్చిన గుడారాలు నిరాశపరిచాయి. మూడింటిలో నీళ్లు దిగకుండా కుట్ల మీద అంటించే పట్టీ ఊడిపోయింది, ఒకదానికి సగం మేకులు లేవు. అద్దెకిచ్చినవాళ్లు తెరిచి చూడలేదు, మేమూ చూడలేదు. బయలుదేరే ముందు ఒక్కసారి వేసి చూసుకుంటే సరిపోయేది.

అద్దె సేవల్లో మనస్ఫూర్తిగా మెచ్చుకోదగ్గది ట్రైలర్ మీద వచ్చిన మరుగుదొడ్డి. ఒకరిద్దరే అయితే నీళ్లకు దూరంగా 15 నుంచి 20 సెంటీమీటర్ల గుంట తవ్వి, పని అయ్యాక మట్టి కప్పవచ్చు. 30 మంది రెండు రోజులు అదే పని చేస్తే శుభ్రం చేయడానికి వచ్చిన చోటును మేమే పాడుచేసినవాళ్లమవుతాం. తెచ్చినతను శుభ్రమైనదే తెచ్చాడు, సమతలంగా నిలబెట్టాడు, ఆదివారం చెప్పిన వేళకు వచ్చి తీసుకెళ్లాడు.

ఇక పని. మూడు వారాల ముందే ఇద్దరు సభ్యులు బాటంతా తిరిగి, ఎక్కడ ఏముందో ఫోనులో గుర్తులు పెట్టుకొచ్చారు. ఎస్టోనియాలో 2008 మే 3న 50,000 మంది కలిసి దేశమంతా చెత్త ఎత్తినప్పుడు కూడా ముందుగా వాలంటీర్లు తిరిగి 10,000కు పైగా చెత్త కుప్పల్ని పటం మీద గుర్తించారు. ఆ పద్ధతి విలువ ఈసారి మాకు కళ్లారా తెలిసింది. ఎవరూ చెత్త కోసం వెతుక్కుంటూ తిరగలేదు. ఏ బండి ఎక్కడికి, ఏ పనిముట్లతో వెళ్లాలో శనివారం పొద్దున్నే తేలిపోయింది.

రాళ్ల బాట మొదలయ్యే చోట టైర్లలో గాలి 35 పీఎస్‌ఐ నుంచి 24కు దించాం. గాలి తగ్గితే టైరు రాళ్ల మీద సర్దుకుంటూ పోతుంది, జారి బాటను చీల్చదు. తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపాలి, లేకపోతే వేగానికి టైరు వేడెక్కి పాడవుతుంది. లోయలో తొమ్మిది టైర్లున్నాయి. మట్టి, నీళ్లు నిండిన టైరును ఇద్దరు కలిసి కూడా కదపలేరు. ముందు మట్టి తోడాం. లోపల నిలిచిన నీళ్లలో దోమల పిల్లలు సుడులు తిరుగుతున్నాయి. తర్వాత ఒక్కొక్కటిగా విన్చ్‌తో లాగాం. తాడు మీద బరువైన దుప్పటి కప్పాం, తెగితే అటూ ఇటూ విసురుగా కొట్టకుండా. తాడు బిగిసినప్పుడు దాని దరిదాపుల్లోకి ఎవరినీ రానివ్వలేదు. కొత్తగా చేరిన ఒకరు తన బండిని లాగించుకోవడానికి ట్రైలర్ తగిలించే బంతికి తాడు వేయబోతే మా పెద్దాయన పరుగెత్తుకెళ్లి ఆపారు. ఆ బంతి ఊడితే తూటాలా దూసుకొస్తుంది, అలా ప్రాణాలు పోయాయి. బండి చట్రానికి (చాసిస్‌కు) బిగించిన కొక్కేనికే తాడు వేయాలి. ఫ్రిజ్‌ను పైపులు కదలకుండా, లోపలి వాయువు బయటికి పోకుండా నిలువుగా కట్టి ట్రైలర్ ఎక్కించాం.

నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది మాత్రం చాలా చిన్న పని. గట్టు మీద ఎవరో వేసిన పాత నెగడు గుంట ఒకటుంది. పైకి శుభ్రంగానే కనిపించింది, బూడిద, నాలుగు బొగ్గులు, అంతే. సామాన్లు రవాణా చేసే చెక్కపలకల్ని అక్కడ తగలబెట్టారని ఎవరికీ తట్టలేదు. ఒక సభ్యుడి కూతురు, పదేళ్ల పాప, కర్రకు కట్టిన అయస్కాంతాన్ని బూడిద మీదుగా లాగింది. ఎత్తి చూపిస్తే ముళ్లపందిలా ఉంది, అన్నీ మేకులే. కాలి నల్లబడి, కొన్ని వంకర తిరిగి, మొనలు మాత్రం వాడిగా ఉన్నాయి. చెక్క కాలిపోతుంది, మేకు మిగిలిపోతుంది. తర్వాత వచ్చేవారి టైరులోనో, జింక గిట్టలోనో దిగబడుతుంది. పాప వాటిని డబ్బాలో దులిపి మళ్లీ లాగింది. "ఇంకా వస్తున్నాయి అంకుల్, మీరు వెళ్లండి, నేను అయ్యాక వస్తాను" అంది. అరగంట అక్కడే కూర్చుంది. డబ్బా నిండింది.

చెత్త తీసుకెళ్లే సంస్థతో మాత్రం ఇబ్బంది పడ్డాం. మధ్యాహ్నం రెండింటికి తారురోడ్డు దగ్గరికి వస్తామన్న లారీ నాలుగున్నరకు వచ్చింది. వచ్చాక టైర్లు, ఫ్రిజ్, పాత బ్యాటరీ తాము తీసుకోబోమన్నారు. సీసాలు, ప్లాస్టిక్, ఇనుము మేము వేర్వేరు సంచుల్లో కట్టి ఉంచినందువల్ల అవి వెంటనే ఎక్కాయి. టైర్లు వస్తాయని ఫోనులో చెప్పాం, వాళ్లు సరే అన్నారు, ఏదీ రాతలో లేదు. ఇలాంటి పని తలపెట్టేవారు ఏమేమి తీసుకుంటారో, ఎన్ని తీసుకుంటారో ముందే రాయించుకోండి. చివరి బండికి కూడా చెత్త దిగే చోటు తెలిసిన తర్వాతే మొదటి సంచి విప్పండి.

తొమ్మిది టైర్లూ, ఫ్రిజ్, బ్యాటరీ ఆ రాత్రి మా ఇంటి వాకిట్లో దిగాయి. సోమవారమంతా ఫోన్లు చేశాను. మంగళవారం పాత టైర్లు తీసుకునే కేంద్రం ఒకటి ఒప్పుకుంది, ఫ్రిజ్, బ్యాటరీ మరో చోట ఇచ్చాను. మేకుల డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది, వచ్చే ఏడాది కొత్తగా చేరేవాళ్లకు చూపించడానికి.