వైజాగ్‌లో రెండు రోజులుంటే ఎక్కడ దిగితే మేలు: ఆర్కే బీచ్ దగ్గరా, భీమిలిలోనా?

దసరా సెలవులు దగ్గరపడితే చాలు, చుట్టాలూ స్నేహితులూ అందరూ ఇదే అడుగుతారు. ఫోటోలు చూసి అడుగుతారు కాబట్టి మనసు అప్పటికే నగరానికి ఉత్తరాన తీరం వెంబడి ఉన్న భీమిలి మీదో రుషికొండ మీదో ఉంటుంది. నేను మాత్రం ముందు ఎవరెవరు వస్తున్నారని అడుగుతాను. పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ ఉంటే ఆర్కే బీచ్ దగ్గరే రూమ్ తీసుకోమంటాను.

దానికి కారణం సముద్రమే. ఇక్కడ తీరం చాలాచోట్ల నాలుగడుగులు వేసేలోపే లోతుకి దిగిపోతుంది, వెనక్కి మళ్లే అల మోకాళ్ల లోతులో నిలబడ్డవాళ్లని కూడా కాళ్ల కింద ఇసుకతో సహా లాగేస్తుంది, ఈత వచ్చినవాళ్లకీ అది ప్రమాదమే. కాబట్టి కుటుంబంతో వచ్చినవాళ్లు నీళ్ల దగ్గర గడిపేది మహా అయితే ఒక పూట, అదీ పాదాలు తడుపుకోవడం వరకే. మిగతా పొద్దంతా ఏం చేస్తారో చూసుకుని ఊరు ఎంచుకోవాలి. ఎక్కువమంది ఈ లెక్క వేసుకోకుండానే రూమ్ బుక్ చేసేస్తారు.

ఆర్కే బీచ్‌లో ఆ బెంగ లేదు. ఒడ్డు మీదే కురుసుర ఉంది. 1969లో నేవీలో చేరి, 1971 యుద్ధకాలంలో గస్తీ కాసి, 2001లో రిటైరై, మరుసటి ఏడాది మ్యూజియంగా మారిన నిజమైన సబ్‌మెరైన్ అది. దాదాపు 91 మీటర్ల పొడవు. లోపలికి వెళ్తే టార్పెడో గొట్టాలు, ఒకదానిమీద ఒకటి ఇరికించిన పడకలు, గోడల నిండా మీటర్లు. అంత ఇరుకులో నెలల తరబడి మనుషులు ఎలా బతికారో పిల్లలకి ఇక పాఠం చెప్పక్కర్లేదు, కళ్లతో చూసేస్తారు. ఒక కంపార్ట్‌మెంట్ నుంచి ఇంకోదాంట్లోకి బాగా వంగి దూరాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బయటే ఆగడం మంచిది. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది. 2017 దాకా సముద్రంపై నిఘా వేసిన ఆ విమానం లోపల పెద్దగా ఇబ్బంది ఉండదు. రెండింటికీ సోమవారం సెలవు, ప్లాన్ వేసేటప్పుడే చూసుకోండి.

ఇవి కాక కాళీమాత గుడి, విశాఖ మ్యూజియం, 1971 యుద్ధ స్మారకం అన్నీ ఆ రోడ్డు వెంబడే. ఎవరైనా అలసిపోతే రూమ్‌కి వెళ్లి పడుకుని సాయంత్రం మళ్లీ రావచ్చు, ఒక్కరి కోసం అందరూ కారెక్కక్కర్లేదు. తెల్లవారుజామున ఆ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు, నడిచేవాళ్లదే రాజ్యం, ఎదురుగా సముద్రంలోంచి సూర్యుడు. సాయంత్రం మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని గట్టు మీద కూర్చుంటే ఇంకేం కావాలి! ఆదివారం సాయంత్రం జనం మాత్రం విపరీతం, పార్కింగ్ దొరకడం పెద్ద టెన్షన్.

ఇక భీమిలి. అందంలో ఆర్కే దానికి సాటిరాదు, ఒప్పుకోవాల్సిందే. గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, పాత లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు, పడవల పక్కన వలలు బాగుచేసుకునే జాలర్లు, అంతా నెమ్మదిగా ఉంటుంది. అయితే భీమిలి అసలు సొగసు ఊళ్లో కంటే ఆ దారిలోనే ఎక్కువ. తొట్లకొండ మీద బౌద్ధుల కాలపు ఆరామం, అక్కడి నుంచి కింద కనిపించే సముద్రం, ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. ఇవి చూడ్డానికి భీమిలిలో రాత్రి ఉండక్కర్లేదు. ఆర్కే నుంచి ఉదయం ఆరింటికే బయల్దేరితే ఎండ ముదిరేలోపు దిబ్బలు చూసేయొచ్చు, అక్కడ నీడ అనేదే తక్కువ. కారు లేకపోతే 900కె బస్సులో రుషికొండ మీదుగా భీమిలి వెళ్లొచ్చు, తొట్లకొండ మీదికి మాత్రం ఆటో మాట్లాడుకోవాలి. ఇద్దరే వెళ్తున్నారు, ఏమీ చేయకుండా కూర్చోవడమే కావాలి అంటే నేను కూడా భీమిలే చెప్తాను.

రుషికొండ బీచ్ శుభ్రంగా ఉంటుంది, శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ కూడా 2020లో వచ్చింది. బోటు షికారు కావాలనుకునే కుర్రాళ్లకి నచ్చుతుంది. కైలాసగిరి రోప్‌వే ఒక సాయంత్రానికి సరిపోతుంది. యారాడ బీచ్ చూడ్డానికి బాగుంటుంది కానీ అలలు గట్టివి, పిల్లలతో వెళ్తే నీళ్లకి దూరంగా ఉండండి.