విమాన నిర్మాణానికి లాగ్‌బుక్‌గా లాంగ్ రిజిస్టరు: రెండేళ్ల వాడకం తర్వాత

అమెరికాలో మా ఇంటి గ్యారేజీలో ఆర్వీ-7 కిట్‌తో రెండు సీట్ల విమానం కట్టుకుంటున్న నేను, ఏ రోజు పని ఆ రోజు రాసుకోవడానికి విజయవాడ వన్‌టౌన్‌లో కొన్న లాంగ్ సైజు రిజిస్టరును రెండేళ్లుగా వాడుతున్నాను. గట్టి అట్ట, దారంతో కుట్టిన బైండింగు, ప్రతి పేజీకీ ముందే అచ్చయిన నంబరు ఉన్న ఈ పుస్తకం కంటే ఈ పనికి మేలైనది నాకింతవరకు దొరకలేదు.

ఇలా కట్టిన విమానానికి ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ (ఎగరడానికి తగినదని ఇచ్చే ధ్రువపత్రం) రావాలంటే, సగానికి పైగా పనిని ఔత్సాహికులే తమ అభ్యాసం కోసమో సరదా కోసమో చేశారని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకు చూపించాలి. తర్వాత ఏటా చేయాల్సిన కండిషన్ తనిఖీని మనమే చేసుకునేందుకు రిపేర్‌మన్ సర్టిఫికెట్ కోరినప్పుడు కూడా ఈ రాతలే అక్కరకొస్తాయి. అందుకే తేదీ, చేసిన పని, పట్టిన గంటలు, సాయపడినవారి పేరు తప్పక రాస్తాను. కుట్టిన పుస్తకంలో పేజీ చింపితే నంబరు పట్టిస్తుంది కాబట్టి, తప్పులు కూడా అందులోనే ఉండిపోతాయి.

నా రిజిస్టరులో 47వ పేజీ అలాంటిదే. తోక భాగంలో అంగుళంలో 3/32 వంతు మందమున్న రివెట్ (రేకులను కలిపి బిగించే లోహపు మేకు) ఒకటి వంకరపోతే, దాన్ని డ్రిల్‌తో తీయబోయి రంధ్రాన్ని పెద్దది చేసి, చివరికి తల చిన్నదిగా, కాడ 1/8 అంగుళం లావుగా ఉండే రివెట్ వేశాను. రంధ్రం బొమ్మ గీసి, కొట్టాక వెనక ఏర్పడిన తల వెడల్పు కాడకు ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం వచ్చాయని కొలిచి రాశాను. ఏడాది తర్వాత పని చూడటానికి వచ్చిన, సొంతంగా విమానాలు కట్టుకునేవారి సంఘం ఈఏఏ తరఫు సలహాదారు (టెక్నికల్ కౌన్సెలర్) ఆ ఒక్క రివెట్ దగ్గరే ఆగారు. పేజీ తీసి చూపించగానే చదివి, పక్కన సంతకం పెట్టారు. అంతకుముందు వాడిన ఒక ఫోన్ యాప్‌లోనైతే అప్‌డేట్ తర్వాత ఏ ఫొటో ఏ రోజుదో తెలియకుండా పోయింది. ఆ ఆరు నెలల పనిని మళ్లీ వరుసలో పెట్టుకోవడానికి నేను పడ్డ అవస్థ ఇంకెవరూ పడకూడదు.

లోపాలు లేకపోలేదు. కాగితం పలచన కాబట్టి ఇంకు పెన్ను పనికిరాదు. అసిటోన్ తగిలిన వేలితో ముట్టుకుంటే బాల్‌పెన్ను రాత కూడా అలుక్కుపోతుంది, కాబట్టి చేతులు కడుక్కునే రాయాలి. ఫొటోలు అతికిస్తే పుస్తకం ఉబ్బి వీపు దగ్గర కుట్టు సాగుతోంది. పైగా కాగితానికి నకలు ఉండదు. ఈఏఏ తన సభ్యులకు ఉచితంగా ఇచ్చే ఆన్‌లైన్ బిల్డర్స్ లాగ్‌లో ప్రతి ఆదివారం ఆ వారం పేజీలను ఫొటో తీసి పెడుతున్నాను.

ఇప్పుడు రెక్కల పని మొదలైంది, మిగిలిన పేజీలు నలభైకి మించవు. వచ్చే నెల ఊరి నుంచి వస్తున్న మా అత్తయ్యగారిని అదే దుకాణంలో ఇంకో రెండు రిజిస్టర్లు కొని తెమ్మన్నాను.