సెలవా, టైంటేబుల్ మార్పా, మందులా? మెనోపాజ్‌లో టీచర్లకు ఏది మేలు?

మొన్న డిసెంబర్లో పదో తరగతికి పైథాగరస్ చెబుతుంటే ‘హైపోటెన్యూస్’ అన్న మాట నోటికి రాలేదు. ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం! పిల్లలంతా స్వెట్టర్లలో ఉన్నారు, నేనేమో కొంగుతో చెమట తుడుచుకుంటున్నాను. ముందు బెంచీ పిల్ల "కోపమొచ్చిందా మేడమ్?" అనడిగింది. మొహం అంతలా ఎర్రబడిందట.

మన దేశంలో నెలసరి ఆగిపోయే వయసు సగటున 46, 47. అంటే సీనియర్ టీచర్లుగా బోర్డు క్లాసులు మోసే వయసే.

స్టాఫ్ రూమ్‌లో మొదట వచ్చే సలహా ‘సెలవు పెట్టెయ్’. ఒళ్లంతా ఒక్కసారిగా వేడెక్కి చెమటలు పట్టే ఈ వేడి ఆవిరి (హాట్ ఫ్లాష్) ఉండేది కొద్ది నిమిషాలే, కానీ రోజులో ఎన్నిసార్లయినా రావచ్చు, చాలామందికి ఏళ్ల తరబడి సాగుతుంది. ఉన్న నాలుగు సీఎల్‌లు (క్యాజువల్ లీవులు) దేనికి సరిపోతాయి? ప్రభుత్వ బడుల్లో మహిళా టీచర్లకు అదనంగా 5 సీఎల్‌లు ఉన్నాయి, ప్రైవేటులో ఎక్కువ చోట్ల జీతం కోతే. పైగా మన పీరియడ్ ఇంకొకరి నెత్తిన పడుతుంది. బ్లీడింగ్ మరీ ఎక్కువైన రోజు మాత్రం సెలవే మంచిది. అలాంటి రోజు మెహదీపట్నం బస్సులో నిలబడి వెళ్లడం శత్రువుకు కూడా వద్దు.

నా ఓటు టైంటేబుల్‌కే. ఆఫీసులో అయితే లేచి మొహం కడుక్కుని రావచ్చు. నలభై మందిని వదిలి టీచర్ ఎక్కడికి పోతుంది? వరసగా మూడు పీరియడ్లు పడితే బాత్రూమ్‌కి కూడా దిక్కుండదు. రెండు క్లాసుల తర్వాత ఒక లీజర్ (ఖాళీ పీరియడ్), మూడో అంతస్తు బదులు కింద క్లాసు, రాత్రి చెమటలతో నిద్ర పట్టనివాళ్లకు ఫస్ట్ పీరియడ్ ఖాళీ. వీటికి యాజమాన్యానికి పైసా ఖర్చు లేదు. కష్టమల్లా నోరు తెరవడమే. మా ప్రిన్సిపాల్ సార్ "అందరికీ ఉండేదేగా అమ్మా" అని ఫైల్లో తల పెట్టేశారు. వయసైపోయిందని పక్కన పెడతారేమోనన్న భయం ప్రైవేటు టీచర్‌కి ఎప్పుడూ ఉంటుంది, అది ఉత్త భయం కూడా కాదు. చివరికి టైంటేబుల్ వేసే మేడమ్‌ని పట్టుకున్నాను. ఆవిడకి యాభై రెండు. పెన్సిల్ తీసి పది నిమిషాల్లో మార్చేసింది.

అయితే టైంటేబుల్ పగటికే పనికొస్తుంది. రాత్రి నిద్ర లేకపోతే డాక్టరే దిక్కు. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాగే అలసటగా, గుండెదడగా కనిపిస్తాయి కాబట్టి ముందు ఆ పరీక్షలు. వేడి ఆవిర్లకు అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ చికిత్స. 60 లోపు వయసు, నెలసరి ఆగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతుల్లో చాలామందికి రిస్కు కన్నా లాభమే ఎక్కువ. గర్భసంచి ఉంటే ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరాన్ తప్పనిసరి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు మామూలుగా ఇవ్వరు. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి. పక్కింటావిడ చీటీ చూపించి మందులు కొనుక్కోవద్దు. ఏడాది పాటు నెలసరి ఆగాక మళ్లీ రక్తం కనిపిస్తే ఆగకుండా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్, పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో కూడా చూపించుకోవచ్చు.

నాకిప్పుడు మూడో పీరియడ్ ఖాళీ. మొన్న సోషల్ మేడమ్ స్టాఫ్ రూమ్ తలుపు దగ్గరగా వేసి, ఆ పెన్సిల్ మేడమ్ ఏ టైంలో దొరుకుతుందని అడిగింది.