ఎన్‌ఎస్‌ఎఫ్ కెరీర్ గ్రాంట్: లో టెంపరేచర్ ప్లాస్మా వాళ్లకు ఏ మేరకు పనికొస్తుంది?

అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్లకు ఇచ్చే కెరీర్ గ్రాంటుతో లో టెంపరేచర్ ప్లాస్మా (పాక్షికంగా అయనీకరణం చెందిన వాయువు) ల్యాబ్ మొత్తం పెట్టేయొచ్చన్న ఆశ వద్దు. ఇది ఒక పీహెచ్‌డీ విద్యార్థిని ఐదేళ్లు పోషించే డబ్బు, అంతే. ఫిజిక్స్‌లో కనీస మొత్తం 5 ఏళ్లకు 4 లక్షల డాలర్లు, అంటే ఏడాదికి 80,000. యూనివర్సిటీ ఓవర్‌హెడ్ (నిర్వహణ ఖర్చుల కింద అది తీసుకునే వాటా) కూడా అందులోంచే పోతుంది. ఖర్చంతటి మీదా 50 శాతం పడితే చేతిలో మిగిలేది 53,000 చిల్లర. స్టైపెండ్, ట్యూషన్ కట్టాక గ్యాస్ సిలిండర్లు, ఓ-రింగులు వస్తాయేమో గానీ ఐసీసీడీ కెమెరా (అతి వేగంగా, మసక వెలుగులోనూ ఫొటో తీసేది) రాదు. ప్లాస్మాను వెలిగించే 13.56 మెగాహెర్ట్జ్ జనరేటర్, ఆ పవర్ వెనక్కి రాకుండా చూసే మ్యాచింగ్ నెట్‌వర్క్, వాక్యూమ్ కోసం టర్బో పంపు ముందే, ఉద్యోగంలో చేరినప్పుడు యూనివర్సిటీ ఇచ్చే స్టార్టప్ నిధులతో కొనిపెట్టుకోవాలి. లేజర్ థామ్సన్ స్కాటరింగ్ (లేజర్ వెలుగుతో ఎలక్ట్రాన్ల సాంద్రత, ఉష్ణోగ్రత కొలిచే పద్ధతి) లాంటివి కావాలంటే ప్రిన్స్‌టన్, శాండియా ల్యాబుల్లో బయటివాళ్లూ వాడుకోగల ప్లాస్మా యూజర్ ఫెసిలిటీలకు అర్జీ పెట్టుకోవడం మేలు. ఆ ప్రయాణ ఖర్చులు బడ్జెట్‌లో చూపించడం మరవొద్దు.

ప్రతిపాదనను ఎన్‌ఎస్‌ఎఫ్‌లో ఏ ప్రోగ్రామ్‌కి పంపుతున్నామన్నదే అసలు కిటుకు. ఆర్గాన్‌లో కాస్త ఆక్సిజన్ కలిపితే నెగెటివ్ అయాన్లు షీత్‌ని (ప్లాస్మాకీ గోడకీ మధ్య ఉండే పలచని పొరని) ఎలా మారుస్తాయన్నది ప్లాస్మా ఫిజిక్స్ ప్రశ్న. ఎచ్ రేటు (చిప్ తయారీలో ప్లాస్మా పదార్థాన్ని చెక్కే వేగం) పెంచుతాం అంటే అది ఇంజనీరింగ్ వాళ్ల పని. ఒక పేజీ సారాంశం ప్రోగ్రామ్ ఆఫీసర్‌కి ముందే మెయిల్ చేస్తే తేలిపోతుంది.

నిబంధనలు మాత్రం చాలా కటువు. కో-పీఐ (ప్రాజెక్టుకి రెండో సారథి) ఉండకూడదు. డిపార్ట్‌మెంట్ హెడ్ లేఖ తప్పనిసరి. సహకార లేఖల్లో నిర్దేశించిన ఒక్క వాక్యమే ఉండాలి; అభిమానం కొద్దీ ఇంకో పేరా పొగిడితే, రివ్యూకే వెళ్లకుండా ప్రతిపాదన తిరిగొచ్చే ప్రమాదం ఉంది.

ప్రతిపాదనలో ఉండాల్సిన విద్యా ప్రణాళికను చివరి రాత్రి అతికిస్తే ప్యానెల్ ఇట్టే పట్టేస్తుంది. స్కూలు పిల్లలకు ప్లాస్మా బాల్ చూపిస్తాం అనడం అరిగిపోయిన పాట. దానికంటే డిగ్రీ ల్యాబులో పాషెన్ వక్రం (వాయువు ఒత్తిడిని బట్టి అందులో విద్యుత్తు పారడం మొదలయ్యే బ్రేక్‌డౌన్ వోల్టేజీ ఎలా మారుతుందో చూపే గీత) గీయించడం నయం: ఎలక్ట్రోడ్ల దూరం కదలకుండా ఉంచి, నీడిల్ వాల్వుతో ఆర్గాన్ ఒత్తిడి మారుస్తూ బ్రేక్‌డౌన్ వోల్టేజీ రాసుకోవాలి. సిరీస్‌లో కరెంటును అదుపుచేసే బల్లాస్ట్ రెసిస్టర్ లేకపోతే గ్లో కాస్తా ఆర్క్‌గా మారి ఎలక్ట్రోడ్లను తినేస్తుంది.

టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హామీ) రాని అసిస్టెంట్ ప్రొఫెసర్లకే ఇది, పోస్ట్‌డాక్‌లు ఆగాల్సిందే. గడువు జూలై నాలుగో బుధవారం. ఏడాదికి ఒక్కసారే, మొత్తం మీద మూడుసార్లే ప్రయత్నించొచ్చు కాబట్టి, ప్రాథమిక డేటా లేకుండా ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలోనే ఒకటి ఖర్చు చేసుకోవద్దు.