బెల్ట్ కంటే ముందు హోల్డర్ కొనండి: కొన్నేళ్లు వాడాక నా మాట

స్కూటర్ బెల్ట్ (ఇంజిన్ శక్తిని వెనక చక్రం వైపు చేర్చేది) పని ఇంట్లోనే చేసుకోవాలని చూస్తున్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే: నట్టు విప్పేటప్పుడూ బిగించేటప్పుడూ పుల్లీ తిరగకుండా పట్టి ఉంచే హోల్డర్ కొనండి, మిగతావన్నీ తర్వాత. రెండు చేతులు, వాటి చివర పిన్నులు ఉన్న మామూలు యూనివర్సల్ హోల్డర్ నాది. కొన్నేళ్లుగా వాడుతున్నాను. నా దగ్గరున్న పనిముట్లలో ఇంత మేలు చేసింది మరొకటి లేదు.

కవర్ బోల్టులు ఎవరైనా విప్పగలరు. ముందు పుల్లీ లోపలి రోలర్లు మార్చడం కూడా పెద్ద విద్యేమీ కాదు. అసలు కష్టమంతా వేరియేటర్ (ఆ ముందు పుల్లీయే) ముందున్న ఒక్క నట్టు దగ్గరే. నట్టు తిప్పితే పుల్లీ తిరుగుతుంది, దాంతో పాటు ఇంజిన్ ఇరుసైన క్రాంకూ తిరుగుతుంది. పట్టి ఆపేది లేకపోతే చాలామంది పుల్లీ బయటి ప్లేటు మీదున్న ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ ఇరికిస్తారు. బెల్ట్‌కి గాలి కొట్టేవి ఆ రెక్కలే. ఒకటి విరిగితే పుల్లీ బ్యాలెన్స్ పోతుంది.

నా బండికి సరిగ్గా అదే జరిగింది. బయట సర్వీసులో కొత్త బెల్ట్ వేయించాను. మొదట్లో పికప్ బ్రహ్మాండంగా ఉంది. కొన్ని వారాలకు ఎడమవైపు నుంచి సన్నగా గలగల మొదలైంది. కవర్ స్క్రూ ఏదో వదులైందేమో అనిపించే చప్పుడు. ఆ తర్వాత ఒకరోజు ఎత్తెక్కుతుంటే ఇంజిన్ గోల పెడుతోంది, బండి మాత్రం ముందుకు లాగడం లేదు. తోసుకుంటూ ఇంటికి తెచ్చి కవర్ తీశాను. వేరియేటర్ నట్టు వేళ్లతో తిప్పితే తిరుగుతోంది. బయటి ప్లేటు మధ్య రంధ్రంలో ఉండాల్సిన పళ్లు అరిగి గుండ్రమైపోయాయి. రెక్క ఒకటి మొదలంటా లేదు, దాని పక్కదాని మీద స్క్రూడ్రైవర్ గాటు స్పష్టంగా ఉంది. లోపలంతా నల్లటి రబ్బరు పొడి. కొత్త బెల్ట్ ఒక అంచు పీచుపీచుగా లేచిపోయింది. పుల్లీ ప్లేటూ బెల్టూ రెండూ పోయినట్టే. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

నట్టు ఎందుకు వదులైందో ఆ పని నేనే చేసుకోవడం మొదలుపెట్టాక అర్థమైంది. వెనక పుల్లీ స్ప్రింగ్ బలంతో ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. బెల్ట్ వేసేటప్పుడు దాని రెండు భాగాలనూ చేత్తో విడదీసి, బెల్ట్‌ను లోపలికంటా దింపాలి. అప్పుడే ముందువైపు బెల్ట్ వదులై వేలాడుతుంది. అలా దింపకుండా బిగిస్తే ముందు ప్లేటు బెల్ట్ అంచును నొక్కి అక్కడే ఆగిపోతుంది. నట్టు గట్టిగా బిగిసినట్టే చేతికి అనిపిస్తుంది, కానీ ప్లేటు లోపలి బుష్‌కి (గొట్టంలాంటి ముక్క) ఇంకా ఆనలేదు. బండి నాలుగు రోజులు తిరిగేసరికి బెల్ట్ తన చోటికి సర్దుకుంటుంది, నట్టు కింద సందు మిగిలిపోతుంది.

హోల్డర్ మీద నాకింత ఇష్టం ఇక్కడే. పిన్నులు ప్లేటు రంధ్రాల్లో కూర్చోబెట్టి, పొడవాటి పిడిని నేలకు ఆనిస్తే పుల్లీ కదలదు. రెండు చేతులూ ఖాళీ. నట్టును ముందు వేళ్లతోనే చివరిదాకా తిప్పుతాను. హోల్డర్ తీసి పుల్లీని చేత్తో ఒక చుట్టు తిప్పి, బెల్ట్ ఎక్కడా నలగలేదని చూసుకుంటాను. మళ్లీ హోల్డర్ పెట్టి, మాన్యువల్‌లో ఉన్న లెక్కకు టార్క్ రెంచ్‌తో (పెట్టిన బిగింపు రాగానే టక్కుమనే రెంచ్) బిగిస్తాను. రెంచ్ టక్కుమనగానే నట్టు మీద నుంచి ప్లేటు మీదికి పెయింట్‌తో ఒక గీత. తర్వాత ఎప్పుడు కవర్ తీసినా ముందు చూసేది ఆ గీతనే. ఇప్పటిదాకా అది వెంట్రుకవాసి కూడా జరగలేదు.

నట్టును దెబ్బలతో గబగబా తిప్పే ఇంపాక్ట్ గన్ ఉంటే ఇదంతా ఎందుకని అడుగుతారు. విప్పడానికి అది హాయి, కాదనను. బిగింపు ఎంత పడిందో మాత్రం దానితో తెలియదు.

అన్ని మోడళ్ల ప్లేట్లకూ పిన్నులు పట్టే రంధ్రాలు ఉండవు. అలాంటి బండికి ఈ హోల్డర్ పనికిరాదు, ఆ మోడల్ కోసం చేసిందే కావాలి. నా బండికి కూడా వెనక క్లచ్ బెల్ (క్లచ్ మీద గిన్నెలా ఉండే డ్రమ్ము) నట్టు దగ్గర ఇది అంత గొప్పగా ఏమీ పనిచేయలేదు. మొండికేసిన నట్టు మీద బలం పెడితే ఒక పిన్ను కొంచెం వంగింది. అప్పటి నుంచి బెల్‌కి చుట్టూ పట్టీ వేసి పట్టుకునే రెంచ్ వాడుతున్నాను. బెల్ లోపల స్ప్రింగ్‌ను పట్టి ఉంచే పెద్ద నట్టు జోలికి స్ప్రింగ్‌ను నొక్కి పట్టే కంప్రెసర్ లేకుండా అసలు వెళ్లను. విప్పీ విప్పగానే స్ప్రింగ్ ఎగిరి ముఖానికి తగిలే ప్రమాదం ఉంది.

బండి కదలడం మొదలయ్యేటప్పుడు వణుకు వస్తే క్లచ్ షూస్ (బెల్‌ను లోపలి నుంచి ఒత్తి పట్టే ముక్కలు) మీద మెరుపు పోయేదాకా ఎమరీ పేపర్‌తో రుద్దుతాను. కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ వస్తుంది. బెల్ లోపల గాడులు పడి ఉంటే రుద్దినా ప్రయోజనం లేదు. రుద్దితే రాలే పొడిని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి, మాస్క్ పెట్టుకోండి. బెల్ట్ వెడల్పు వెర్నియర్‌తో (సన్నని తేడాలు కొలిచే సాధనం) కొలవాల్సిందే. కొత్తదానికీ పారేయాల్సినదానికీ తేడా చాలా చిన్న స్కూటర్లలో 1 మి.మీ. అటూ ఇటూనే, కంటికి ఆనదు.

నాకు నీడ పట్టున బండి నిలిపే చోటుంది, సెలవు రోజున ఒక పూట దీనికే ఇవ్వగలను. టార్క్ రెంచ్ ముందే ఉంది. ఇవేవీ లేకుండా, బెల్ట్ ఒక్కసారి మార్చడం కోసమే అయితే హోల్డర్, రెంచ్ రెండూ కొనమని గట్టిగా చెప్పలేను. నమ్మకమైన మెకానిక్ ఉంటే అతని చేతే చేయించుకోండి, నట్టు బిగించేటప్పుడు పక్కన నిలబడి పుల్లీని దేనితో పట్టుకున్నాడో చూడండి. నేనైతే వంగిన పిన్నుకు బదులు కాస్త గట్టి పిన్ను వేయించి ఇదే హోల్డర్ వాడతాను.